విగ్గు వాక్యానికి ‘శిరోధార్య’ వ్యాఖ్య

కోలాచల మల్లినాథసూరి ఇంటిపేరులో ఉన్నది నేటి మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసు రఘువంశానికీ, కుమారసంభవానికీ, మేఘదూతానికీ ఆయన ‘సంజీవని’ రాశాడు. భారవి కిరాతార్జునీయానికి ‘ఘంటాపథం’, మాఘుడి శిశుపాలవధకి ‘సర్వంకష’. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మొదట్లోనే మాటిచ్చిన మనిషి. అంతటివాడి చేతికి అందకుండా ఒక్క మూలం మిగిలిపోయింది. అది ఒకే ఒక్క వాక్యం. ఏ ఊళ్లోనైనా సరే, విగ్గుల షాపులో అద్దం ముందు స్టూలు మీద కూర్చున్న మనిషి తలకి దుకాణదారుడు సరుకు తొడిగిన మరుక్షణం వినిపిస్తుంది:

“మీ ఫేస్ కట్‌కి ఇదే సెట్టవుద్ది సార్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి!”

దీనికి ఇంతవరకు టీక లేదు. ఆ లోటు పూరించడానికే ఈ ‘శిరోధార్య’ వ్యాఖ్య. పేరులో శ్లేష ఉందని కనిపెట్టినవారి సూక్ష్మబుద్ధికి వ్యాఖ్యాత నమస్కారం.

దండాన్వయం: సార్, మీ ఫేస్ కట్‌కి ఇదే సెట్టవుద్ది, (కాబట్టి మీరు) కళ్లు మూసుకుని (డబ్బు కట్టి) తీసుకెళ్లండి. ‘డబ్బు కట్టి’ అన్నది అధ్యాహారం. మూలకర్త నోటితో అనడు, అనుకుంటాడు.

పాఠాంతరాలు: ‘సార్’ ఉన్నచోట ‘మేడమ్’ అని ఒక పాఠం. చివర ‘సినిమావాళ్లు కూడా ఇదే వాడతారండీ’ అని కొన్ని షాపుల్లో అదనంగా ఒక పాదం వినిపిస్తుంది. అది ప్రక్షిప్తం. సినిమా విగ్గు ఒక పాత్ర కోసం, ఒక దీపాల వెలుగు కోసం, రోజూ పొద్దున్నే అతికించడానికి మేకప్‌మ్యాన్ ఉన్నాడన్న ధైర్యంతో తయారవుతుంది. పైగా సినిమాలో కూడా ముఖానికి అమరిక ఒక్కసారితో కుదరలేదు. 1956లో ‘సొంత ఊరు’ సినిమాలో ఎన్టీ రామారావు కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనానికి నచ్చలేదు. అందుకే మరుసటి ఏడాది ‘మాయాబజార్’లో కృష్ణుడు వేయడానికి ఆయన మొదట వెనకాడారు. వేషధారణ మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టి ఒప్పించాక ఏమైందో తెలుగువాడికి చెప్పక్కర్లేదు. ముఖం అదే. దాని చుట్టూ అమర్చినది మారింది.

తాత్పర్యం: ఆ సైజులో ప్రస్తుతం షాపులో ఉన్నది ఇదొక్కటే.

తాత్పర్యం ఇంత తేలిగ్గా తేలిపోయాక టీక ఎందుకని అడిగేవారు ఉంటారు. తాత్పర్యం తెలిసినవాడు పరీక్ష పాసవుతాడు, ప్రతిపదార్థం తెలిసినవాడు విగ్గు కొంటాడు. కాబట్టి పదాల్లోకి.

‘సార్’ అనేది సంబోధన. ఎవరిని పిలుస్తున్నాడన్నది తేలకుండా ఫేస్ కట్ ప్రసక్తి తేవడం శాస్త్రవిరుద్ధం, ఎందుకంటే లోకంలో విగ్గులు రెండు జాతులు: ఇది విగ్గని నలుగురికీ తెలియడానికి పెట్టుకునేది, తెలియకుండా ఉండడానికి పెట్టుకునేది. మొదటి జాతికి ముఖంతో పనిలేదు. ఫ్రాన్సు రాజు పదమూడో లూయీ చిన్నవయసులోనే జుట్టు పల్చబడడంతో 1624 ప్రాంతంలో విగ్గు తగిలించుకున్నాడు. రాజు తల చూసి కొలువు తలలన్నీ బరువెక్కాయి. ఆ పిచ్చి ఇంగ్లండుకి పాకి నూరేళ్లకి పైగా నడిచింది. చివరికి 1795లో ప్రధాని పిట్ తలకి కొట్టుకునే పౌడరు మీద ఏడాదికి ఒక గినీ పన్ను వేస్తే, జనం పౌడరూ మానేశారు, విగ్గూ మెల్లగా దించేశారు. మిగిలింది కోర్టుల్లో. అక్కడ 1822లో హంఫ్రీ రేవెన్స్‌క్రాఫ్ట్ అనే విగ్గులాయన పౌడరు అక్కర్లేని గుర్రపు వెంట్రుకల విగ్గుకి పేటెంట్ తీసుకున్నాడు. అందులో గుండ్రటి ముఖం, కోల ముఖం అన్న పట్టింపే లేదు. చట్టం ముందు ముఖాలన్నీ సమానం. 2008 అక్టోబరు నుంచి అక్కడి సివిల్, కుటుంబ కేసుల జడ్జీలు దాన్ని వదిలేశారు గాని క్రిమినల్ కోర్టుల్లో ఇంకా ఉంది. మన వకీళ్లు గౌనూ, తెల్ల బ్యాండూ ఉంచుకుని విగ్గు సంగతి మర్చిపోయారు. మే నెలలో గుంటూరు కోర్టు హాలును తలుచుకుంటే ఆ మరుపు విలువ తెలుస్తుంది.

ఈ జాతిలోనే మరొకడు చిత్రకారుడు ఆండీ వార్హోల్. వెండి రంగు విగ్గు పెట్టుకుని, అది విగ్గని దాచడానికి ఏ ప్రయత్నమూ చేయలేదు. మన వైపు చూస్తే, తెర మీద ఒత్తు జుట్టుతో, సభల్లో బట్టతలతో కనిపించే రజనీకాంత్ ఉన్నాడు. ఆయనకి విగ్గు ఒక డ్రెస్సు, షూటింగ్ అయ్యాక విప్పేస్తాడు. వీళ్లెవరికీ ఫేస్ కట్ సలహా అక్కర్లేదు. మూలంలోని సార్ వీళ్లలో లేడు. ఆయన రెండో జాతి కొనుగోలుదారు. 2021లో వచ్చిన ‘నూటొక్క జిల్లాల అందగాడు’ సినిమాలో అవసరాల శ్రీనివాస్ వేసినట్టు, ఆఫీసులో ఎవరికీ అనుమానం రాకూడదని కోరుకునే పెద్దమనిషి. ఇక నుంచి వ్యాఖ్య ఆయన కోసం, మేడమ్ పాఠంలోని ఆవిడ కోసం.

‘మీ’ అనేది షష్ఠీ విభక్తి. ఇక్కడ ఒక శంక: ఏ ‘మీ’? ఇవాళ్టిదా, పోయిన ఏడాదిదా, వచ్చే మూణ్నెల్లదా? కీమోథెరపీ మొదలుపెట్టబోయేవారికి ఇది పండితుల చర్చ కాదు. జుట్టు ఊడడం చాలావరకు మొదటి విడత మందు పడ్డ రెండు నుంచి నాలుగు వారాల్లో మొదలవుతుంది. అందరికీ, అన్ని మందులకీ ఊడదు గాని, ఊడుతుందని డాక్టరు చెప్తే మాత్రం విగ్గు ఎంచుకోవాల్సిన సమయం ఇంకా జుట్టున్నప్పుడే. అప్పుడు రంగు పక్కన పెట్టి చూడొచ్చు, పాపిట ఏ పక్కన ఉండేదో చూపించొచ్చు, ఒక చిన్న పాయ కత్తిరించి దాచుకోవచ్చు. జుట్టు పోయాక తల చుట్టుకొలత కొంచెం తగ్గుతుంది గనక లోపల బిగించుకునే పట్టీలు ఉన్న రకమే తీసుకోవాలి. చికిత్సలో స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడితే ముఖం ఉబ్బి గుండ్రంగా మారడం ఉంది. షాపులో కోలగా ఉన్న ముఖం సంక్రాంతికి పున్నమి చంద్రుడైతే, కోలముఖానికని కొన్న చెంపల నిండు విగ్గు ముఖాన్ని మరింత వెడల్పు చేస్తుంది. కనుబొమలు కూడా రాలేవారికి నుదుటి మీదికి కొద్దిగా ముంగురులు పడే విగ్గు చాలా సాయం చేస్తుంది. ఇక చికిత్స అయ్యాక తిరిగొచ్చే జుట్టు పొట్టిగానే వస్తుంది. మొదటినుంచీ పొట్టి విగ్గు పెట్టుకున్నవాళ్లు ఒక రోజు దాన్ని పక్కన పెట్టేసినా ఎవరూ గుర్తుపట్టరు. నడుము దాకా పెట్టుకున్నవాళ్లు ఆ రోజు వీధి వీధికీ జవాబు చెప్పుకోవాలి.

ఈ విషయంలో మూలకర్త చెప్పని మాట ఒకటి ఉంది: ‘మీ’ అన్నదానికి నమ్మదగిన సాక్ష్యం అద్దం కాదు, పాత ఫొటో. జుట్టున్న రోజుల్లో ఆ ముఖానికి ఏది అలవాటో అందులో ఉంటుంది.

‘ఫేస్ కట్‌కి’. ఇదీ షష్ఠే. ఇది వాక్యానికి గుండెకాయ, వివాదాలకి పుట్టిల్లు. ఈ వివాదం షాంపూ కంపెనీలు పుట్టించినదని అనుకునేవారు 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహిత తిరగేయాలి. విగ్రహం చెక్కడానికి కొలతలు చెప్తూ ఆయన ముఖం పొడవు పన్నెండు అంగుళాలు, వెడల్పూ పన్నెండే అంటాడు. వెంటనే, నగ్నజిత్తు అనే పూర్వాచార్యుడి మతంలో పొడవు పద్నాలుగు అంగుళాలనీ, అది ద్రావిడ కొలత అనీ చెప్తాడు. అంటే గుండ్రటి ముఖమా, కోల ముఖమా అన్న తగాదా అప్పటికే తెగలేదు. అంగుళమంటే ఇక్కడ టేపు మీది ఇంచి కాదు, ఎవరి కొలతకి వారిదైన వేలి వెడల్పు. ఆ ముఖంలోనే నుదురు నాలుగు అంగుళాలు, ముక్కు నాలుగు, గడ్డం నాలుగు. శిల్పి ఈ మూడు భాగాలు గీసుకున్నాకే ఉలి పట్టాలి.

నేటి షాపుల్లో కొలత ఇంకొంచెం గొడవ. నాలుగు కొలతలు తీస్తారు: కణతల దగ్గర నుదుటి వెడల్పు, బుగ్గ ఎముకల మధ్య వెడల్పు, దవడల వెడల్పు, నుదుటిపై జుట్టు అంచు నుంచి గడ్డం కొస దాకా పొడవు. పొడవు సుమారు వెడల్పుకి ఒకటిన్నర రెట్లుండి, దవడ కొద్దిగా సన్నబడితే కోలముఖం. ఆ అదృష్టవంతులకి శాస్త్రం ఏ నియమమూ పెట్టదు. కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమేనన్న సామెత వీళ్ల కోసమే పుట్టినట్టుంది, కాకపోతే ఇక్కడ కొప్పు కొనుక్కోవాలి.

మిగిలిన ముఖాల సంగతంతా ఒక్క సూత్రంలో ఇమిడిపోతుంది. జుట్టు ఎక్కడ ఆగితే చూపు అక్కడ ఆగుతుంది. గుండ్రటి ముఖానికి చెంపల దగ్గర ఆగే బాబ్ పెడితే చూపు సరిగ్గా ముఖం అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట కూర్చుంటుంది. అదే జుట్టు గడ్డం దాటి కిందికి దిగితే, నడినెత్తిన కొంచెం ఎత్తుంటే, పాపిట పక్కకి జరిగితే చూపు పైకీ కిందికీ పోతుంది. ముఖం సాగుతుంది. పొడుగు ముఖానికి దీనికి పూర్తిగా తిరగేసిన వైద్యం: నెత్తిన ఎత్తు వద్దు, నుదుటి మీద ముంగురులు కావాలి, చెవుల పక్కన నిండుదనం కావాలి, నడుము దాకా నిటారుగా వేలాడేది అస్సలు వద్దు. దవడలు పలకలు దేరిన చదరపు ముఖానికి దవడ గీత మీదే తెగే జుట్టు పనికిరాదు. ఆ గీతని అలలతో చెరిపేయాలి. నుదురు వెడల్పై గడ్డం సన్నబడ్డ తమలపాకు ముఖానికి పై భాగంలో గుబురు తగ్గించి, చెవి తమ్మెల కింద నింపాలి. నుదుటి మీద పక్కకి దువ్విన ముంగురులు ఆ వెడల్పును సగానికి కోస్తాయి. బుగ్గ ఎముకలు మాత్రమే వెడల్పున్న వజ్రాకారం అరుదు. వాళ్లకి నుదుటి దగ్గరా గడ్డం దగ్గరా రెండుచోట్లా కొంత నింపాలి.

మగవాళ్లకి ఇదంతా పొట్టిగా వర్తిస్తుంది. గుండ్రటి ముఖం సార్‌కి పక్కలు కురచగా, పైన ఎత్తుగా ఉండాలి. పొడుగు ముఖం సార్‌కి పైన అణిగి ఉండాలి. గడ్డం పెంచుకున్నవాళ్లు అది కూడా ముఖం పొడవులోకే వస్తుందని గుర్తుంచుకోవాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు కళ్లజోడుతోనే పెట్టి చూడాలి. ఆ కాడలు విగ్గు చెవి పట్టీల మీద ఎక్కి దాన్ని పైకి నెట్టే అవకాశం ఉంది. ఇంటికెళ్లాక తెలిస్తే కళ్లజోడు మార్చాల్సిందే.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. ‘జుట్టు అంచు నుంచి గడ్డం దాకా కొలవమన్నారు. బట్టతలకి అంచు ఎక్కడ? నుదురు ఎక్కడ ముగిసి మాడు ఎక్కడ మొదలవుతుంది? లేని అంచు నుంచి ఉన్న గడ్డానికి కొలిస్తే గుండ్రటి ముఖం కూడా సొరకాయంత పొడుగవుతుంది కదా?’ శంక బలమైనదే. నిజానికి బట్టతల వచ్చిన ప్రతి మగవాడి ముఖమూ ఈ కొలతలో పొడుగు ముఖమే. షాపుల్లో జరిగే పొరపాట్లలో పెద్దది ఇక్కడే పుడుతుంది.

సమాధానం: కనుబొమలు పైకెత్తితే నుదుటి మీద మడతలు పడతాయి. ఆ మడతలు వేసే కండరం పైకి పోయి ఆగేచోటికి కొంచెం ఎగువనే ఒకప్పుడు జుట్టు మొదలయ్యేది. అక్కడే విగ్గు అంచు ఉండాలి. ఈ గుర్తు దొరకనివారికి రెండో దారి: కనుబొమల మధ్య నుంచి పైకి తమ నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి చూడడం. సుమారు ఏడు, ఏడున్నర సెంటీమీటర్లు. విగ్గు కట్టేవాళ్లు పనిలో నేర్చుకున్న ఈ నాలుగు వేళ్లూ, బృహత్సంహితలో నుదుటికి పెట్టిన నాలుగు అంగుళాలూ ఒకచోటే కలుస్తాయి. వరాహమిహిరుడు ఈ సరుకు అమ్మలేదు గాని కొలత మాత్రం పక్కాగా ఇచ్చాడు.

చాలామంది యౌవనం కోరి ఆ అంచును ఇంకా కిందికి లాగుతారు. రెండు వేళ్ల నుదురుతో, కణత నుంచి కణతకి స్కేలు పెట్టి గీసినట్టున్న అంచుతో యాభై ఏళ్ల మనిషి ఎదురైతే ముఖాకారం ఎవరూ చూడరు, ఆ గీతనే చూస్తారు. వయసొచ్చిన మగవాడి జుట్టు కణతల దగ్గర లోపలికి వెళ్తుంది. విగ్గు కూడా అక్కడ అలాగే వెళ్లాలి. అంచు తప్పితే ఫేస్ కట్ సూత్రాలన్నీ కలిపి పెట్టినా ఆ తప్పు కప్పబడదు. ఈ వ్యాఖ్యాత అభిప్రాయంలో ‘ఫేస్ కట్‌కి’ అన్నచోట ‘నుదుటికి’ అని దిద్దుకుని చదవాలి. ఇది సాహసమైన పరిష్కరణ అని తెలిసే చేస్తున్నాడు.

‘ఇదే’. ఏకారం అవధారణార్థకం: మరొకటి కాదు, ఇదే. షాపువాడి చేతిలో ఉన్నదేమిటో తెలిస్తే గాని దీనికి అర్థం చెప్పలేం.

ఒకటి నిజం జుట్టు. దానికి మన నేలతో సంబంధం పాతది. గొల్లవాడి దెబ్బకి స్వామి తల మీద జుట్టు పోయినచోట నీలాదేవి తన కురులు కోసి అతికిందనీ, ఏడుకొండల్లో నీలాద్రికి ఆమె పేరే వచ్చిందనీ తిరుమల కథ. ముఖానికి సరిపోయేలా మరొకరి జుట్టు అమర్చిన తొలి ఉదంతంగా వ్యాఖ్యాత దీన్ని భక్తితోనే ఉదహరిస్తున్నాడు. కల్యాణకట్టలో భక్తులు ఇచ్చే తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి రకాలు చేసి ఈ-వేలంలో అమ్ముతుంది. అన్నిటికంటే పొడుగైనది మొదటి రకం. తెల్ల జుట్టు వేరే రకం. ఈ జుట్టు ఎంత దూరం వెళ్తుందంటే, 2004లో జెరూసలేంలో యోసెఫ్ షాలోం ఎల్యాషివ్ అనే యూదు మతగురువు, భారతదేశపు గుడి జుట్టుతో చేసిన విగ్గులు విగ్రహారాధనలో అర్పించినవి గనక వాడరాదని తీర్పిచ్చాడు. ఆ సంప్రదాయంలో పెళ్లయిన స్త్రీలు తల కప్పుకోవాలి, చాలామంది విగ్గుతోనే కప్పుకుంటారు. ఆ తీర్పుతో న్యూయార్క్ బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులు కుప్పపోసి తగలబెట్టారు.

ఒక్కసారిగా గొరిగిన జుట్టుకి కుదుళ్లన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు ఉంటాయి. వెంట్రుక పైపొర పొలుసులన్నీ ఒకే దిక్కు చూస్తాయి గనక చిక్కుపడదు. వ్యాపారంలో దీన్ని రెమీ అంటారు. రెండో రకం దువ్వెనకి వచ్చినది. చిక్కు జుట్టు ఉండ చుట్టి చూరులో దాచి, వీధిలోకి వచ్చినవాడికి ఇచ్చి స్టీలు గిన్నె తీసుకున్న అమ్మమ్మలకి అది ఎక్కడికి పోతుందో తెలియకపోవచ్చు. అదీ విగ్గుల్లోకే పోతుంది. అందులో కుదుళ్లూ కొసలూ కలగలిసి ఉంటాయి కాబట్టి యాసిడ్‌లో ముంచి పొలుసు తీసేసి, పైన సిలికాన్ పూస్తారు. షాపులో తళతళలాడుతుంది. కొన్ని తలంట్లయ్యాక పూత పోయి మళ్లీ చిక్కు జుట్టే అవుతుంది.

మూడోది సింథటిక్. చవక, తేలిక. దానికి ఫ్యాక్టరీలో ఇచ్చిన ఆకారం తలంటిపోసినా మళ్లీ అదే ఆకారానికి వస్తుంది. గుండ్రటి ముఖం మీద ఆ కొంచెం ఎత్తు నిలబడాలంటే ఇది నయం. నిజం జుట్టు తన బరువుకి తాను అణిగిపోతుంది, తడిసిన ప్రతిసారీ మళ్లీ తీర్చాలి. అయితే సింథటిక్ పోగు వేడికి ఓర్చదు. పోపు వేస్తూ బాణలి మీదికి వంగినా, ఓవెన్ తలుపు తీసినా ముందు పాయలు కమిలి ముడుచుకుపోతాయి. వంటింట్లో ఎక్కువసేపు ఉండేవాళ్లకి ముంగురుల సింథటిక్ విగ్గును ‘ఇదే’ అనడం అన్యాయం.

మన ఆడవాళ్లకి వీటన్నిటికంటే ముందే సవరం ఉంది. జడలో కలిపి అల్లుకునేది, ముఖాన్ని ముట్టుకోనిది, కాబట్టి ఫేస్ కట్ పేచీ లేనిది. జడ పొడుగుకి నాటకమంత విలువ ఇచ్చిన జాతి మనది. భామాకలాపంలో సత్యభామ ముఖం కంటే ముందు తెర మీద నుంచి ఆమె జడే సభకి సవాలు విసురుతుంది. నడినెత్తిన పల్చబడనంతవరకు, ఉన్న జుట్టును పొడిగించుకోవాలనుకునే మేడమ్‌కి సవరం చాలు. విగ్గు దాకా రానక్కర్లేదు.

‘సెట్టవుద్ది’. క్రియ భవిష్యత్కాలంలో ఉంది, గమనించాలి. ‘సెట్టయింది’ అనలేదు. మూలకర్త ఇక్కడ అనుకోకుండా సత్యం పలికాడు. పెట్టెలోంచి తీసిన ఏ విగ్గూ అప్పటికప్పుడు ముఖానికి అమరదు. సాధారణంగా తల మీద సహజంగా ఉండేదానికంటే ఎక్కువ జుట్టు కుట్టి పంపుతారు, ఒత్తుగా ఉంటే ధర పలుకుతుంది కాబట్టి. దాన్ని తల మీద పెట్టి, పళ్లున్న కత్తెరతో పల్చన చేసి, ఆ ముఖం కొలతకి ముంగురులు కత్తిరించాక సెట్టవుతుంది. ఈ పని తెలిసిన క్షురకుడు ఉన్న షాపు, వంద మోడళ్లు పేర్చిన షాపు కంటే మేలు. కత్తిరించింది మళ్లీ పెరగదు గనక తొందర లేకుండా కొద్దికొద్దిగా తీసేవాడే గురువు.

తల కొలత కూడా ఈ క్రియలోనే ఉంది. నుదుటి అంచు, చెవుల పైన, మెడ వెనక గుంట మీదుగా టేపు తిప్పితే ఎక్కువమందికి 54 నుంచి 57 సెంటీమీటర్లు వస్తుంది. అంతకంటే పెద్ద తలకి మామూలు సైజు తొడిగితే అది మెల్లగా వెనక్కి పాకి, సాయంత్రానికి నాలుగు వేళ్ల నుదురు ఆరు వేళ్లవుతుంది. పాపిట దగ్గర మోనోఫిలమెంట్ అనే పల్చటి వల ఉంటే కింది చర్మం రంగు కనిపిస్తుంది, పాపిట పాపిటలా ఉంటుంది. ముందు అంచున లేసు ఉంటే జుట్టు చర్మంలోంచి వచ్చినట్టుంటుంది. ప్లాస్టిక్ లాంటి పాలీయురెథేన్ ప్యాచ్, అంటే జుట్టు పోయిన మేరకే అతికించుకునే విగ్గు, గట్టిగా అంటుకుంటుంది గాని గాలి ఆడదు. రామగుండం ఎండల్లో, విశాఖ ఉక్కలో లోపల చెమట పట్టి అతికించిన టేపు వదులైపోతుంది.

రంగు సంగతి మూలంలో లేదు. మల్లినాథుడి మాట పక్కన పెట్టి అయినా చెప్పాల్సిందే. చెవుల పక్కన సొంత జుట్టు నెరిసి, పైన ప్యాచ్ కాటుకలా నల్లగా ఉంటే అది ఏ ముఖానికీ సెట్టవదు. పక్కలకి రంగేస్తూ బతకడమో, ప్యాచ్‌లో నెరిసిన వెంట్రుకలు కలిపి కట్టించుకోవడమో తేల్చుకోవాలి. రెండోది ఖర్చు ఎక్కువ, తలనొప్పి తక్కువ.

‘కళ్లు మూసుకుని’. క్త్వార్థకం. వాక్యంలో ఇంతకంటే ప్రమాదకరమైన పదం లేదు. కళ్లు మూసుకున్నవాడికి అద్దం ఎందుకు, ముఖాకారం ఎందుకు? దీన్ని నిషేధార్థంలోనే గ్రహించాలని ఈ వ్యాఖ్య సిద్ధాంతం. షాపులో ఉండే పసుపు దీపాల కింద ఏ రంగైనా కలిసిపోతుంది. గుమ్మం దగ్గరికి, పగటి వెలుతురులోకి వచ్చి చూడాలి. అద్దం ముందువైపే చూపిస్తుంది. బస్సులో వెనక సీటువాడు చూసేది మెడ వైపు, కాబట్టి తోడు వచ్చినవాళ్ల చేత ఫోన్‌తో పక్కనుంచీ, వెనకనుంచీ ఫొటోలు తీయించుకోవాలి. నవ్వాలి, తల వంచాలి, చెప్పు కట్టుకుంటున్నట్టు ముందుకి వంగాలి. భర్తృహరి సుభాషితంలో ఎండకి మాడిన బట్టతలవాడు నీడ కోసం చెట్టు కిందికి చేరితే నెత్తిన పండు పడింది. అతను పైకి చూడలేదు. విగ్గు కొనేవాడు పైకీ, పక్కకీ, వెనక్కీ కూడా చూడాలి.

‘తీసుకెళ్లండి’. విధ్యర్థకం, గౌరవ బహువచనం. ఈ పదానికి వ్యాఖ్య క్లుప్తం. రోజూ పెట్టుకుంటే సింథటిక్ విగ్గు సుమారు నాలుగు నుంచి ఆరు నెలలు వస్తుంది, మంచి నిజం జుట్టుది ఏడాది, జాగ్రత్తగా వాడితే ఆపైన. స్టాండుకి తగిలించి ఉంచాలి, మడిచి అలమరలో కుక్కితే ముఖం కోసం కత్తిరించిన ఆకారం పోతుంది. తడిసినప్పుడు దువ్వకూడదు. రాత్రి తీసి పడుకోవాలి. బిల్లు మీద జుట్టు రకం, లోపలి వల రకం రాయించుకోవాలి. ఒకసారి తలకి తగిలిన, కత్తెర పడిన విగ్గును చాలా షాపులు వెనక్కి తీసుకోవు. అందుకని పాత ఫొటో, నాలుగు వేళ్ల కొలత, పగటి వెలుతురు, ఈ మూడూ డబ్బు కట్టకముందే కావాలి.